అరగని బ్లేడు

కొట్టు, కౌంటరు వెనక స్టూలు మీద నుంచి

చెల్లీ,

నీ ఫుడ్ ప్రాసెసర్ పార్సిల్లో భద్రంగా చేరింది. ఆ ముక్క ఫోన్లో చెబుదామంటే ఎప్పుడు చేసినా మరిదే ఎత్తుతున్నాడు. "ఇప్పుడే పడుకుంది వదినా", "ఇప్పుడే స్నానానికి వెళ్ళింది వదినా" అంటాడు. ఇంత నిద్ర, ఇన్ని స్నానాలు నీకెప్పట్నుంచే? అందుకని ఇలా కాగితం పట్టాను. నాన్న పోయాక ఈ కొట్టులో బిల్లులు తప్ప వేరే ఏమీ రాసి ఎరగను. నా రాత చూసి నవ్వావంటే ఊరుకోను.

మోటారు కాలిపోయింది. పెట్టె తెరవగానే వచ్చిన వాసనకి పక్క కొట్టు టైలరు ఎక్కడో అంటుకుందని పరిగెత్తుకొచ్చాడు. లోపలి రాగితీగ వైండింగ్ మొత్తం బొగ్గు. కొత్తది చుట్టించాను. అడుగున రబ్బరు బుష్షులు కూడా మార్చాను, ఇక పిల్లి నడిచినట్టు తిరుగుతుంది.

ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడు పడలేదు. మోటారు ఇంతగా కాలిందంటే మిషను బండెడు చాకిరీ చేసుండాలి. బ్లేడు చూస్తేనేమో నీ చేతికిచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. అంచు మీద గోరు ఆనిస్తే గోరు తెగింది. ముక్కలు కోసే బిళ్ళలు కవర్లోంచి బయటికే రాలేదు. క్యారెట్ ఒక్కసారి తురిమితే చాలు, గిన్నెకి పట్టిన రంగు చచ్చినా వదలదు. నీ గిన్నె అద్దంలా ఉంది.

నాన్న అనేవాడు గుర్తుందా, మిషను అబద్ధం చెప్పదు, తెచ్చినవాడు చెబుతాడు అని. ముగ్గురు తినే ఇంట్లో ఏం రుబ్బుతున్నావే తల్లీ, గాలినా?

నాన్న పద్ధతి ప్రకారం ఏం చెడిందో, ఏం మార్చానో చీటీ రాసి మిషను అడుగు పలక లోపల అంటించాను. చిన్నప్పుడు ఆ చీటీలకి జిగురు రాసే పని నీదేగా. వేళ్ళన్నీ అతుక్కుపోయి అన్నం తినడానికి ఏడ్చేదానివి.

మా బుడంకాయ ఎలా ఉంది? స్కూల్లో చేరాక ఎత్తు పెరిగిందా, ఇంకా గుండ్రంగానే ఉందా?

అక్క

&nbsp;

మా వంటగది నుంచి

అక్కా,

మిషను చేరింది. ఉత్తరమూ చేరింది. ఉత్తరాలు మీ మరిదే తెస్తారు కదా, నాకు శ్రమ లేకుండా ముందు తనే చదివి తర్వాత నాకు వినిపిస్తారు. గాలి రుబ్బుతున్నావా అన్న దగ్గర బాగా నవ్వారు. ఇప్పుడు కూడా పక్కనే కూర్చుని టీ తాగుతున్నారు. వదినగారికి నమస్కారాలు రాయమంటున్నారు. రాశాను.

నువ్వు మరీ అనుమానం పక్షివి. బ్లేడు అరగలేదంటే నేను పొదుపుగా వాడుతున్నానని అర్థం. గిన్నె అద్దంలా ఉందంటే రుద్ది రుద్ది తోముతున్నానని అర్థం. కొనిచ్చినప్పుడేమో "అటక మీద పెట్టావంటే చంపేస్తా" అన్నావు. వాడితేనేమో ఎందుకు వాడావంటావు. నాకు అత్తగారు లేని లోటు నువ్వు తీరుస్తున్నావు.

ఒక్క ఫిర్యాదు. ఇదివరకు వచ్చినంత చప్పుడు ఇప్పుడు రావట్లేదు. నువ్వు వేసిన బుష్షుల వల్లేమో. మరీ గుట్టుచప్పుడు కాకుండా తిరిగితే అసలు తిరుగుతోందో లేదో తెలియట్లేదు. పాత బుష్షులుంటే మళ్ళీ అవే వేసెయ్యవూ? కొంచెం మోత రావాలి.

మీ మరిదికి ట్యూషన్లు పెరిగాయి. సందులో పిల్లలందరికీ లెక్కలు ఈయన దగ్గరే. తల్లులంతా "మాస్టారు గొంతెత్తి ఒక్క మాటనరు, ఎంత ఓపికో" అంటారు. వింటుంటే నాకూ గర్వంగానే ఉంటుంది.

బుడంకాయ ఎత్తు పెరిగింది. వంటగట్టు మీది స్విచ్చు స్టూలెక్కితే అందుతోంది.

చెల్లి

&nbsp;

కొట్టు నుంచి

ఒసేయ్ చెల్లీ,

నాన్న చేతి కింద నేర్చుకున్న రోజులతో కలిపి నా జుట్టు ఈ కొట్టులోనే నెరిసింది. మిషను మోత భరించలేకపోతున్నామని వచ్చినవాళ్ళనే చూశాను గానీ, మోత చాలట్లేదని వచ్చినదానివి నువ్వొక్కదానివే. టైలరుకి చెబితే "మీ చెల్లెలికి చెవుడేమో చూపించండి" అన్నాడు. నవ్వాను. నవ్వాక అలాగే కూర్చుండిపోయాను. ఎందుకో నాకే తెలియదు.

పాత బుష్షులు వేయను. మిషను అదిరి గట్టు మీద నుంచి పడుతుంది, పిల్ల తిరిగే చోటు.

స్కూళ్ళు మూసేస్తారుగా, సెలవులకి పిల్లని నా దగ్గరికి పంపు. నువ్వూ రా. నీకు కుదరకపోతే దాన్నైనా పంపు. నా దగ్గర చెడిపోయిన ఫ్యాన్లూ, ఇస్త్రీపెట్టెలూ బోలెడున్నాయి, ఆడుకుంటుంది. మరిదిని అడిగానని చెప్పు. అదే, చదువుతూనే ఉంటాడుగా. మరిదీ, అడుగుతున్నాను. పంపు నాయనా.

అక్క

&nbsp;

మా వంటగది నుంచి

అక్కా,

మీ మరిది సరేనన్నారు. సెలవుల్లో పెద్ద క్లాసు పిల్లల ట్యూషన్లు ఉంటాయి, ఇంట్లో అల్లరి లేకపోతే మంచిదే అన్నారు. ఆయనే తీసుకొచ్చి దింపుతారు, లోపలికి రాలేదని ఏమీ అనుకోకు, వెంటనే బయల్దేరాలి. స్కూళ్ళు తెరిచే ముందు ఆయనే వచ్చి తీసుకెళతారు. నేను రాలేను, ఆయన భోజనం ఎవరు చూస్తారు?

మిషను మళ్ళీ కాలింది. దాన్ని కూడా పంపుతున్నాను. తిట్టకు. తొందరగా బాగు చేసి పంపు అక్కా, అది లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు.

బుడంకాయని నీ మిషన్ల దగ్గరికి రానివ్వకు. దానికి అన్నం కలిపి పెట్టక్కర్లేదు, తనే తింటుంది. ఏదైనా అడిగితే అడిగిందానికి జవాబు చెప్పు చాలు, ఎక్కువ మాట్లాడించకు. వాగుడుకాయ.

చెల్లి

&nbsp;

కొట్టు నుంచి

చెల్లీ,

మిషను బాగైంది. మరిదికి కూడా చదివి వినిపించు, మళ్ళీ కాల్చుకోకుండా ఉంటారు. అడుగున నాలుగు రబ్బరు కాళ్ళున్నాయి చూశావా, అవి వదులయ్యాయి. చిన్నప్పుడు నాన్న నీకు నేర్పిన పనే, నువ్వే ఓసారి తీసి బిగించుకో. పిల్ల బాగుంది, బాగా తింటోంది.

అక్క

&nbsp;

మిషను అడుగున, చీటీ ఉండే చోట

నా బంగారుతల్లీ,

రబ్బరు కాళ్ళ కింద స్క్రూలుంటాయని లెక్కల మాస్టారుకి తెలియదని ధైర్యం చేసి రాస్తున్నాను. ఇది చదువుతున్నావంటే నా ఉత్తరం నీకర్థమైనట్టే.

నువ్వు రానివ్వద్దన్నావు గానీ కొట్టే ఇల్లు, ఇల్లే కొట్టు నాకు, పిల్లని ఎక్కడ దాచను? నిన్న ఎవరిదో పాత మిషను బాగు చేసి స్విచ్చు వేసి చూస్తున్నాను. బుడంకాయ వెనక గదిలో బొమ్మలు పరుచుకుని కూర్చుంది. చప్పుడు వినగానే వచ్చి నా పక్కన నిలబడింది. భయపడిందేమో అనుకున్నాను. భయం కాదే. నా మొహంలోకి చూసింది, చుట్టూ చూసింది, బల్ల కిందికి కూడా వంగి చూసింది. అప్పుడు అడిగింది.

"పెద్దమ్మా, ఎవరు ఏడుస్తున్నారు?"

ఎవరూ లేరమ్మా అన్నాను. "మరి మిషను ఎందుకు వేశావు?" అంది.

వెంటనే మిషను ఆపేశాను. మిషను ఎందుకు వేస్తారే అని అడిగితే, ఏమీ తెలియనిదాన్ని చూసినట్టు చూసి చెప్పింది, "అమ్మ ఏడ్చేటప్పుడు వేస్తారు. అప్పుడు ఎవరికీ వినపడదు." చెప్పి వెళ్ళి మళ్ళీ బొమ్మల దగ్గర కూర్చుంది.

ఖాళీ గిన్నెలో తిరిగిన బ్లేడు అరగదు. గిన్నెకి రంగు పట్టదు. మోటారు మాత్రం కాలుతుంది, ఆపకుండా పూటంతా తిప్పితే. ఎంత మొద్దునే నేను! మిషను మొదటిసారే చెప్పింది, నేనే వినలేదు.

ఏం జరుగుతోందో రాయి. నవ్వులాటలొద్దు, అత్తగారి జోకులొద్దు. ఉన్నది ఉన్నట్టు రాసి, దీన్ని చెడగొట్టి పంపు. ఎలా చెడగొట్టాలో నీకు నేను చెప్పాలా?

అక్క

&nbsp;

మిషను అడుగున

అక్కా,

మోటారులోంచి కార్బన్ బ్రష్ ఒకటి పీకి పారేశాను. తిరగకపోయేసరికి ఆయనే విసుక్కుని ప్యాక్ చేశారు. ఆయన స్నానం చేస్తుండగా రాస్తున్నాను, అక్షరాలు కుదురుగా లేవు.

మొదటిసారి అనుకోకుండా జరిగింది. ఉల్లిపాయలు వేసి స్విచ్చు నొక్కాను. ఆయన వెనకనుంచి వచ్చారు. ట్యూషన్ పిల్లల తండ్రితో గుమ్మంలో నవ్వి మాట్లాడానట. మిషను అలా తిరుగుతూనే ఉంది. అంతా అయ్యాక ముందు గదిలోకి చూస్తే బుడంకాయ రంగులు వేసుకుంటోంది, తలెత్తలేదు. హమ్మయ్య, దానికేం వినపడలేదు అనుకున్నాను. ఉల్లిపాయలు నీళ్ళైపోయాయి.

అప్పట్నుంచి ఆయన గొంతు మారగానే ముందు స్విచ్చు దగ్గరికి వెళ్ళేదాన్ని. ఖాళీ గిన్నె పెట్టి, మూత తిప్పి, టక్కుమన్నాక స్విచ్చు. కొన్నాళ్ళకి ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. గొంతెత్తరు కదా, మామూలుగానే అంటారు, "వెళ్ళి మిషను వెయ్యి." ఆ మాట తర్వాత ఏం జరుగుతుందో తెలుసు. అయినా వెళ్ళి వేస్తాను. నా చేత్తోనే వేస్తాను అక్కా.

పక్కింటావిడ అంటుంది, "ఎంత వంట చేస్తారండీ, మీ ఆయన అదృష్టవంతుడు" అని.

పిల్ల ముందు ఎన్నడూ చెయ్యెత్తలేదని మేమిద్దరం గొప్పగా చెప్పుకునేవాళ్ళం. అయిపోయాక ఆయన మంచినీళ్ళు తెచ్చిస్తారు, "పిల్లకి తెలియకూడదు" అంటారు, "అవునండీ" అంటాను. అక్కడికి మేమేదో మంచి తల్లిదండ్రులమైనట్టు.

నీ చీటీ చదివాక ఒకటి గుర్తొచ్చింది. చలికాలంలో ఓ రోజు నేను బాత్రూంలో తలుపేసుకుని ఉన్నాను. బయట మిషను మోత. పరిగెత్తుకొచ్చి చూస్తే బుడంకాయ స్టూలెక్కి స్విచ్చు వేసింది. చెయ్యి తెగితే ఏమయ్యేదే అని దాన్ని ఒక్కటి కొట్టాను. ఏడవలేదది. నేను బాత్రూంలో ఏడుస్తున్నాను అక్కా. నా కోసమే వేసింది. నేను కొట్టాను.

నువ్వు రమ్మంటావని తెలుసు. వస్తే ఎక్కడికొస్తాను, నీ కొట్టుకేగా, ఆ దారి ఆయనకీ తెలుసు. సందులో అందరూ ఆయన మాటే వింటారు. నా సంగతి తర్వాత. స్కూలు తెరిచే ముందు ఆయన పిల్ల కోసం వస్తారు. పంపకు. నేను ఉత్తరంలో పంపమని రాసినా పంపకు. పక్కన కూర్చుని రాయిస్తారు. ఆ ఇంట్లో అది మళ్ళీ ఆ స్విచ్చు ముట్టుకోకూడదు.

నీళ్ళ చప్పుడు ఆగింది.

&nbsp;

మిషను అడుగున

చెల్లీ,

చదివాను. తిట్లు ఎన్ని తిట్టానో రాస్తే ఈ కాగితం చాలదు, వాడికి తిట్లు ఎందుకు దండగ.

విను. ఆదివారం పొద్దున్నే వాడు పెద్ద క్లాసు పిల్లలకి పరీక్ష పెడతాడని బుడంకాయ చెప్పింది. ఆ వేళకి నేను సందు చివర ఉంటాను, టైలరు బండి తీసుకొస్తానన్నాడు. చెత్త డబ్బా పట్టుకుని బయటికి వచ్చినట్టు రా, అలాగే వచ్చెయ్. బట్టలొద్దు, కాగితాలొద్దు, ఏమీ వద్దు. పిల్లని తీసుకురాను, టైలరు భార్య దగ్గర ఉంటుంది. పిల్లని పంపను. వాడు కాదు, వాడి తాతలు దిగొచ్చినా పంపను.

పార్సిల్ వాడు గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు. జిగురు ఆరేదాకా ఆగడట. మడిచి పెడుతున్నాను, చదివి చించెయ్.

అక్క

&nbsp;

మాస్టారి గది నుంచి

వదినగారికి నమస్కారములు.

మీరు పంపిన మిషను చేరింది. ఆ సమయానికి నేను ఇంట్లోనే ఉన్నాను. బాగైందో లేదో చూద్దామని స్విచ్చు వేస్తే లోపల టపటపమని ఏదో కొట్టుకుంటోంది. మీకు మళ్ళీ మళ్ళీ శ్రమ ఎందుకని ఇక్కడే మన వీధి మెకానిక్ చేత విప్పించాను. లోపల మోటారు ఫ్యానుకి ఒక కాగితం తగులుతోంది. అతను తీసి నా చేతికిచ్చాడు. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవారు ఇంత అజాగ్రత్తగా పని చేస్తారని అనుకోలేదు.

మీ చెల్లెలు వంటింట్లో తడి మీద కాలుజారి గట్టుకి తగిలి పడింది. దవడకి దెబ్బ తగిలింది. కొంతకాలం తను మాట్లాడనూ లేదు, రాయనూ లేదు. కాబట్టి ఆదివారం మీరు శ్రమ పడి రావలసిన అవసరం లేదు.

పిల్లని చూడాలని ఉంది. వచ్చి తీసుకెళతాను, బట్టలు సర్ది ఉంచండి. మిషను తిరిగి పంపుతున్నాను. మాకు ఇక దానితో పని లేదు.

ఇట్లు,
మీ మరిది

&nbsp;

కొట్టు వెనక గది, మంచం మీద నుంచి

అక్కా,

అతని ఉత్తరం పట్టుకుని పోలీసులతో వచ్చి నన్ను తెచ్చుకున్నావు, బాగానే ఉంది గానీ, పొద్దుటి నుంచి నా చుట్టూ తిరుగుతూ ఒక్కదానివే వాగుతున్నావు. నా దవడలు తీగలతో కట్టేసి, పలక ఒళ్ళో పెట్టి, నువ్వు మాత్రం నోరారా మాట్లాడితే అదేం న్యాయం? ఇక నుంచి నువ్వూ రాయి. ముందు బల్ల దగ్గర కూర్చుని రాసి బుడంకాయ చేత పంపు. మనకి అలవాటైన పనేగా. పైగా నువ్వు మాట్లాడితే ప్రతి మూడో మాటకి ఏడుస్తున్నావు, రాస్తే అంత ఏడవవు.

డాక్టరమ్మ నిన్ను పక్కకి పిలిచి ఏం చెప్పింది? నాకు వినపడలేదనుకోకు, సగం వినపడింది. అతను జైల్లోంచి బయటికి వచ్చాడా? నిజం రాయి. దాస్తే నాకు తెలిసిపోతుంది, ఆ విద్యలో నీకంటే ఆరితేరినదాన్ని నేను.

చెల్లి

&nbsp;

కొట్టు, ముందు బల్ల నుంచి

చెల్లీ,

సరే, నిజం రాస్తాను.

వంటింట్లో జారి పడితే దవడ ఇలా రెండు వైపులా విరగదని డాక్టరమ్మ రాసిచ్చింది. ఎడమవైపు ఎముక కుదురుకోవడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది, పన్ను కూడా ఒకటి పోయింది, ఆ చెవి మునుపటిలా వినపడదు. అది నీకు చెప్పలేక నీ చుట్టూ తిరుగుతూ ఏవేవో వాగాను. అదీ పక్కకి పిలిచి చెప్పింది.

వాడు బయటికి వచ్చాడు. బెయిలు. సందులో తల్లులు ఇద్దరు స్టేషనుకి వెళ్ళి మాస్టారు అలాంటివారు కాదని చెప్పారట. పిల్లని చూపించమని కాగితం పంపాడు. స్టేషన్లో ఉన్న ఆడ ఆఫీసరు ఇప్పట్లో కుదరదని చెప్పింది. ఇప్పట్లో అంటే ఎంతవరకు అని అడిగితే, అది కోర్టు తేల్చాలంది. ఇది ఇంతటితో పోదు చెల్లీ. తలుపుకి లోపల ఇంకో గడియ బిగించాను. టైలరు తన బల్లని గుమ్మం వైపుకి తిప్పుకున్నాడు, వచ్చేపోయేవాళ్ళు కనిపించేలా.

ఇంకొకటి. నాన్న ఏ చీటీకీ జిగురు రాయకుండా మిషను మూసెయ్యలేదు, నేనే మూశాను. ఈ చేతులు చూసినప్పుడల్లా నరుక్కోవాలనిపిస్తుంది. నువ్వు వద్దంటావని తెలుసు. అయినా రాశాను, నాకు రాయాలనిపించింది.

నువ్వు గొట్టంతో తాగేది తప్ప ఇంకేం తినకూడదు కదా. ఏదైనా సరే పలుకు లేకుండా మెత్తగా, పల్చగా ఉండాలట, పలుకు తీగల్లో ఇరుక్కుంటే చీము పడుతుందట. వాడు తిప్పి పంపిన మిషను ఉందిగా, దాన్నే శుభ్రం చేశాను. ఆ బ్లేడు ఇన్నాళ్ళకి పనిలో పడింది. ఉడికించిన క్యారెట్ వేస్తే నిమిషంలో వెన్నలా అయింది. గిన్నెకి రంగు పట్టింది.

స్విచ్చు వేసే ముందు బుడంకాయని పిలిచి చూపించాను, "ఇది అమ్మ అన్నానికి, చూడు క్యారెట్టు" అని. అది గిన్నెలోకి చూడలేదు. పరిగెత్తుకుంటూ నీ దగ్గరికి వచ్చింది. నువ్వు కళ్ళు మూసుకుని ఉన్నావు, నీకు తెలియదు. నీ చెంపలు రెండు చేతులతో తడిమి, తడి లేదని చూసుకుని, అప్పుడు తిరిగొచ్చింది. రోజూ అలాగే చేస్తోంది. మిషను వేసిన ప్రతిసారీ.

అందుకే వాడగానే ప్లగ్గు పీకేస్తున్నాను.

అక్క

&nbsp;

కొట్టు వెనక గది నుంచి

అక్కా,

నీ చేతులు నరుక్కుంటే నాకు క్యారెట్లు ఎవరు ఉడకబెడతారు? పిచ్చి మాటలు రాయకు. కాగితానికి జిగురు లేకపోతే కాగితం ఊడుతుంది, దవడ విరగదు. విరిచింది చెయ్యి.

చెవి సంగతి నాకు ముందే తెలుసు. ఆ వైపు నుంచి నువ్వు పిలిస్తే వినపడనట్టు నటిస్తున్నానని నువ్వు కసురుకున్నావు చూడు, అప్పుడే అనుకున్నాను.

నిన్న జరిగింది నీకు చెప్పాలి. నాకు బంగాళదుంప సూపు రుబ్బి, గ్లాసులో పోసి, ఎవరో వచ్చారని నువ్వు ముందుకి వెళ్ళావు. గొట్టం నోట్లో పెట్టుకున్నాను. వేడిగా ఉంది, బాగుంది. నాన్న ఉన్నప్పుడు జ్వరమొస్తే నువ్వు చేసే సూపు లాగే ఉంది. అంతే, ఏడుపొచ్చేసింది. పళ్ళు కట్టేసి ఉంటే ఏడుపు నోట్లోంచి రాదు, ముక్కులోంచి దూడ అరిచినట్టు వస్తుంది. ఆపుదామంటే ఆగలేదు.

కింద కూర్చుని నీ పాత స్క్రూలతో ఆడుకుంటున్న బుడంకాయ చటుక్కున లేచింది. స్టూలు గట్టు దగ్గరికి జరుపుకుని ఎక్కింది. గిన్నె కడగనే లేదు, అలాగే మూత పెట్టి తిప్పింది, టక్కుమంది. స్విచ్చు వేసింది. తిరగలేదు. తీసి మళ్ళీ వేసింది. మూత తీసి మళ్ళీ బిగించింది. 

"అమ్మా, ఆగు, ఆగు. తిరగట్లేదు. ఒక్క నిమిషం ఆగు, అందరికీ వినపడుతుంది" అంది.

ప్లగ్గు నువ్వు పీకావని నాకు కనిపిస్తూనే ఉంది. వేలెత్తి చూపిస్తే చాలు, పెట్టేసుకునేది. చూపించలేదు. చెయ్యి చాపి రమ్మన్నాను.

అది స్టూలు దిగి వచ్చింది. వచ్చి మంచం పక్కన నిలబడింది. నేనింకా ఏడుస్తూనే ఉన్నాను. ముందు నీ కొట్టులో ఎవరో బేరమాడుతున్నారు, వాళ్ళు ఒక్కసారిగా ఆగిపోవడం కూడా తెలిసింది నాకు. నువ్వు తెర తీసి చూశావు, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డావు. మంచి పని చేశావు.

బుడంకాయ మెల్లగా అడిగింది.

"అమ్మా, నీ ఏడుపు ఇలా ఉంటుందా?"

తలూపాను. అది మంచమెక్కి నా కుడివైపు, దెబ్బ తక్కువున్న వైపు, పడుకుని వింది. నేను ఆపేదాకా కదలలేదు. సూపు చల్లారిపోయింది, తర్వాత ఇద్దరం ఒకే గొట్టంతో తాగేశాం.

చెల్లి